మాండలిన్‌కు కింది గొంతు

సత్తిరాజు క్యాంపు, సిరవార.
నవంబరు 9.

మహారాజశ్రీ నాగేంద్రబాబు బావగారి సముఖమునకు,

బావమరిది లోకనాథ్ నమస్కరించి వ్రాయు విన్నపం. ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమం మా అక్క రోజూ ఫోన్లో మా ఆవిడ కుసుమకి చెబుతూనే ఉంది కాబట్టి దాన్ని ప్రత్యేకంగా అడిగి కాగితం ఖర్చు చేయను.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. పోయిన శ్రీరామనవమికి కవితాళ పందిట్లో నలుగురూ చూస్తుండగా "ఇవాళ్టితో నీకూ నాకూ మాటల్లేవు" అన్నది మీరు. "లేకపోతే పీడా పోయింది" అన్నది నేను. ఆంధ్రా నుంచి వచ్చి కాలవ కింద కుదురుకున్న మన క్యాంపుల్లో మాటల్లేవంటే ఎంత గట్టి వ్యవహారమో మీకు వేరే చెప్పాలా? మా కాలవ గట్టున ఇద్దరు అన్నదమ్ములు మాటలు మానేసి, నీటి వంతు తేల్చుకోవలసి వచ్చినప్పుడల్లా మధ్యన కట్టేసిన గేదెకి చెప్పుకుంటూ సంసారాలు ఈదారు. మనకి ఆ గేదె కూడా లేదాయె, మీరుండేది హట్టి బంగారు గని క్వార్టర్సులో. "మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నారు గానీ రాయనని ఎవరూ అనలేదుగా" అని కుసుమ దారి చూపించింది. వాట్సాప్‌లో రాస్తే అవతలివాళ్లు చదివారో లేదో తెలిసిపోతుంది. కాగితమైతే ఇద్దరికీ మర్యాద. లింగసుగూరు బస్సు కండక్టరు యమనూరప్ప చేతికి ఇస్తున్నాను.

అసలు సంగతికొస్తాను. కవితాళ పందిరి కమిటీ పెద్ద దొడ్డప్ప మొన్న సిరవార బస్టాండులో నన్ను పట్టుకున్నాడు. "ఏనప్పా లోకనాథా, ఈసారి నీవొక్కడివే వస్తావంట? నీ మాండలిన్ చెన్నాగుంది గానీ, ఆ కింది గొంతు లేకుంటే పందిరంతా ఖాళీగా ఉంటది. ఇద్దరూ వస్తే రండి. లేదంటే రాయచూరు కీబోర్డు పార్టీకి చెప్పేస్తా" అన్నాడు. నా చిన్న మాండలిన్, దానికి సరిగ్గా ఒక స్థాయి కిందగా మీరు చేయించుకున్న పెద్ద మాండలిన్. ముప్ఫై ఏళ్లుగా మనది అనుకున్న పందిరి అది. దాన్ని కీబోర్డు వాడికి అప్పగించి నేను ఇంట్లో కూర్చుని పానకం తాగలేను.

అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. ఆక్టేవ్ పెడల్ అని ఒక ఇనప డబ్బా ఉందట. మాండలిన్ వైరు అందులో పెడితే, మనం వాయించే స్వరాన్నే ఒక స్థాయి దించి పక్కనే పలికిస్తుందట. అంటే నేను వాయిస్తుంటే మీరు పక్కన కూర్చుని పెద్ద మాండలిన్ వాయిస్తున్నట్టే. పైగా అది అలగదు, ఫ్లెక్సీలో తన ఫొటో ఎక్కడని అడగదు. వైర్ల సంగతులు మీకు తెలుసు, రాయచూరు కొట్లూ తెలుసు. నాలుగైదు వేలలో వచ్చే డబ్బా ఏదైనా మాండలిన్‌కి పనికొచ్చేది చూసిపెట్టగలరా?

ఇట్లు,
లోకనాథ్

*

హట్టి.
నవంబరు 21.

చిరంజీవి లోకనాథ్‌కు,

ఉత్తరం అందింది. నా తద్దినానికి వంట నన్నే చెయ్యమని పిలిచినట్టుంది. మీ అక్క మాత్రం వంటింట్లోంచి తొంగిచూసి, "అడిగాడు కదా, చేసిపెట్టండి, పుణ్యం" అంది. ఆవిడ ఎవరి వైపో ఇన్నేళ్ల కాపురంలో నాకు తేలలేదు.

ఫ్లెక్సీ సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి ఒక్క ముక్క. "మాండలిన్ జంట" అని రాసి, నీ మొహం గుమ్మడికాయంత వేసి, నా మొహాన్ని కరెంటు స్తంభం వెనక మడతలోకి పంపించినవాళ్లకి ఫొటో గురించి మాట్లాడే హక్కు లేదు. చూసినవాళ్లకి నా ఎడమ చెవి ఒక్కటే కనబడింది. సరే, పోనీ.

పనిలోకి వద్దాం. ఈ డబ్బాల్లో రెండు జాతులున్నాయి. ఒకటి ఒంటి స్వరానిది. ఒకసారికి ఒక్క స్వరమే వింటుంది, దాన్నే దించుతుంది. చవక. గొంతు లావుగా, బాగుంటుంది. రెండోది గుంపు స్వరాలది. నాలుగు తీగలు ఒక్కసారి మీటినా అన్నింటినీ దించుతుంది. కొంచెం ఖరీదు. ఏది కొన్నా ముందు మాండలిన్ బొజ్జకి పికప్ బిళ్ల అంటించుకోవాలి. మామూలు మైకులోంచి పంపితే పక్కనున్న తాళాలూ, దొడ్డప్ప దగ్గూ కూడా ఒక స్థాయి కింద వినబడతాయి.

మొన్న సెలవు రోజున రాయచూరు వెళ్లాను. ఇప్పుడు నాకు తీరిక బాగానే దొరుకుతోంది. నన్ను గని లోపలి నుంచి పైకి మార్చారు. ల్యాంప్ రూములో కూర్చుని, దిగేవాళ్లకి తల దీపాలు ఇవ్వడం, ఎక్కేవాళ్ల దగ్గర తీసుకోవడం. ప్రమోషన్ అనుకో. మార్కెట్‌లో రంగా కొట్టుకెళ్లి అడిగితే, "ఏంది బాబన్నా, గీ డబ్బా గిటారోళ్లది. మాండలిన్‌కు పెట్టినోన్ని నేనైతే సూడలే. కీబోర్డు తీస్కపోరాదు, అండ్ల అన్నీ ఉంటయి" అన్నాడు. కీబోర్డు మాట మా బావమరిది దగ్గర ఎత్తకు, ఉరేసుకుంటాడని చెప్పాను. చూసి నచ్చకపోతే వాపసు తెమ్మని, ఒంటి స్వరం డబ్బా ఒకటి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి నా పెద్ద మాండలిన్ మీద పరీక్ష చేశాను. ఖాళీ తీగ మీటితే ఇంట్లో గిన్నెలు కదిలాయి. యమనూరప్ప చేత పంపుతున్నాను.

నాగేంద్రబాబు

*

సత్తిరాజు క్యాంపు.
డిసెంబరు 4.

బావగారికి నమస్కారాలు.

డబ్బా చేరింది. పికప్ బిళ్ల అంటించి, వైర్లు తగిలించి, దేవుడికి దణ్ణం పెట్టుకుని మీటాను. ఏమని చెప్పమంటారు? నా మాండలిన్ నోట్లో నీళ్లు పోసుకుని గడగడా పుక్కిలించింది. ఒక స్వరం దిగువకి వెళుతుంది, మధ్యలో మనసు మార్చుకుని పైకి వస్తుంది, మళ్లీ కిందపడుతుంది. కుసుమ పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ఈనడానికి ఇంకా నెల ఉందిగా, అప్పుడే అరుస్తుందేమిటి" అని గేదెని చూసి వెళ్లింది.

మీరు వాయిస్తే గిన్నెలు కదిలాయన్నారు. ఇక్కడ మా పరువు కదిలింది. ఆడలేక మద్దెల ఓడు అన్నాడని మీరనుకోవచ్చు. అనుకోండి. నాకైతే ఈ గొంతు మీ గొంతులాగా లేదు. మీ పెద్ద మాండలిన్ గుండెల్లో తడుతుంది. ఇది కడుపులో తిప్పుతోంది. వెనక్కి పంపుతున్నాను.

ల్యాంప్ రూముకి మారినందుకు అభినందనలు. ఎన్నాళ్లకి మీకు కుర్చీ దొరికింది! మీ నాన్నగారి భూమి కాలవ చివర పడి, నీళ్లందక మీరు ఆ గనిలో దిగిన రోజున మా నాన్న ఎంత బాధపడ్డాడో నాకు గుర్తుంది. ఇప్పుడు ఎండా, చీకటీ లేని ఉద్యోగం. కాలు మీద కాలేసుకుని వాయించుకోవచ్చు. నవమికి ఎవరైనా మనసు మార్చుకుని, డబ్బాతో పనిలేకుండా చేస్తే మాత్రం నేను కాదనను. ఊరికే రాశాను, పట్టించుకోకండి.

లోకనాథ్

*

హట్టి.
డిసెంబరు 15.

లోకనాథ్‌కు,

డబ్బాలో దోషం లేదు. నీ మాండలిన్‌లో ఉంది. నా దానికి ఒంటి తీగలు. నీ దానికి జంట తీగలు. ప్రతి జంటలోనూ ఒక తీగని నువ్వు వెంట్రుకవాసి వదులుగా ఉంచుతావు. ఆ చిన్న తేడా వల్లే నీ స్వరం మెరుస్తుందని మీ గురువుగారు చెప్పారు, నిజమే. కానీ ఒంటి స్వరం డబ్బాకి అది రెండు స్వరాల్లాగా వినబడుతుంది. ఎవరి మాట వినాలో తెలియక గుడగుడలాడుతుంది. దాని తప్పేం లేదు. చెరొక మాట చెప్పే మీ పెదనాన్నలిద్దరి మధ్య పెరిగినవాడివి, నీకు ఆ బాధ తెలియాలి.

దీనికి రెండు మార్గాలు. ఒకటి, ప్రతి జంటలోనూ ఒక తీగ ఊడదియ్యడం. డబ్బా కుదురుతుంది గానీ నీ మెరుపు పోతుంది. నేను ఒప్పుకోను. రెండోది, గుంపు స్వరాల డబ్బా. రంగా దగ్గర ఎవరో వాడి అమ్మేసింది ఉంటే బేరమాడి తెచ్చాను. "బాబన్నా, మీ బామ్మర్దికి నచ్చనీకి ఇంగెన్ని డబ్బాలు తేవాలె" అని విసుక్కున్నాడు. ఇది కూడా పరీక్ష చేశాను. ఖాళీ తీగలు నాలుగూ కలిపి మీటాను. తడబడకుండా నాలుగింటినీ దించింది.

ఇంకో మాట. మైక్‌సెట్ అమరేశ్ దగ్గర అందరికీ ఒకే ప్లగ్గుల పెట్టె. అందులోంచి డబ్బాకి కరెంటు తీసుకుంటే గుయ్యిమంటుంది. బ్యాటరీ వెయ్యి. నీ కోసం కాదు, దొడ్డప్ప పందిరి కోసం చెబుతున్నాను.

నవమికి వచ్చే వాళ్లెవరో నాకు తెలియదు. నేను రాను.

నాగేంద్రబాబు

*

సత్తిరాజు క్యాంపు.
జనవరి 20.

బావగారికి,

కోతలు, కుప్పలు, ధాన్యం లారీలకెత్తడం. వీటి మధ్య జవాబు ఆలస్యమైంది. రెండో డబ్బా గురించి రాస్తున్నాను. తడబడటం లేదు, ఒప్పుకుంటాను. కానీ ఇది రవ్వంత ఆలస్యంగా పలుకుతుంది. నేను స్వరం వేసి ముందుకెళ్లిపోయాక, వెనక నుంచి "వస్తున్నా, వస్తున్నా" అంటూ వస్తుంది, పెళ్లివారి వెనక చెప్పులు వెతుక్కుంటూ వచ్చే ముసలాయనలాగా. పైగా గొంతులో చర్చి ఆర్గాను వాసన. రాముడి పెళ్లిలో ఇది కుదరదు. అమరేశ్ కూడా విన్నాడు. "అణ్ణా, బాగానే ఉందిగా" అన్నాడు. వాడికేం తెలుసు, వాడి చెవులు ఊరేగింపు డీజేకి అద్దెకిచ్చినవి.

మీ పరీక్షల మీద నాకు అనుమానంగా ఉంది బావగారూ. మొదటి డబ్బానీ ఖాళీ తీగ మీదే చూశారు, దీన్నీ ఖాళీ తీగల మీదే చూశారు. ఖాళీ తీగ ఎవడు మీటినా పలుకుతుంది, మా గేదె తోక తగిలినా పలుకుతుంది. మెట్ల మీద వేళ్లు నొక్కి, జారుస్తూ వాయించి చూడాలి కదా? ఆ జారుళ్లకి ఈ జిల్లాలో మీ తర్వాతే ఎవరైనా. కుర్చీ దొరికాక చేతులు సుఖం మరిగాయా? ఒక పని చేయండి. ఆరోహణ వద్దు, అవరోహణ వద్దు, మన నవమి కీర్తన ఒక్కటి మీ పెద్ద మాండలిన్ మీద పూర్తిగా వాయించి, ఫోన్లో రికార్డు చేసి పంపండి. అసలు కింది గొంతు ఎలా ఉండాలో రంగాకి వినిపించి, అలాంటి డబ్బానే ఇమ్మంటాను.

లోకనాథ్

*

హట్టి.
ఫిబ్రవరి 2.

లోకనాథ్‌కు,

రికార్డు పంపను. డబ్బా వద్దనుకుంటే వెనక్కి పంపు, రంగాకి అప్పజెబుతాను. ఇక ఈ వ్యవహారం నన్ను అడగవద్దు.

నాగేంద్రబాబు

*

సత్తిరాజు క్యాంపు.
ఫిబ్రవరి 8.

బావా,

గారూ గీరూ ఇక నా వల్ల కాదు. నీ నాలుగు ముక్కల ఉత్తరం చదివి కుసుమ నా మీద పడింది. "మీ వెటకారం ఎక్కడ తగిలిందో ఆయనకి బాగా లోతుగా తగిలింది. నిజం రాసెయ్యండి" అంది. రాస్తున్నాను.

డబ్బాలు రెండూ మంచివే. మొదటిది గుడగుడలాడిన మాట నిజమే గానీ, ఒక తీగ బిగిస్తే సర్దుకునేదని నాకు ఆ రోజే తెలుసు. రెండోది ఆలస్యంగా పలకడం లేదు. అమరేశ్‌కి వినబడనిది నాకూ వినబడలేదు. నేను వంకలు పెట్టాను. అసలు ఆ డబ్బా నాకు ఎప్పుడూ వద్దు. నీ బదులు డబ్బా పెట్టుకుంటున్నానంటే నీకు మండుతుందని, మండితే "తప్పుకోరా, కింది గొంతంటే ఇదీ" అని మాండలిన్ చంకనేసుకుని బస్సెక్కుతావని లెక్క వేశాను. నువ్వేమో మండలేదు సరికదా, నీ బదులు వచ్చేదాన్ని పెళ్లికొడుకుని వెతికినట్టు వెతికి పంపుతున్నావు. నాకు ఎంత ఉక్రోషం వచ్చిందో తెలుసా?

ఫ్లెక్సీ విషయంలో తప్పు నాదే. కట్టేటప్పుడు చూసుకోవలసింది. ఈసారి నీ మొహం ఒక్కటే వేయిస్తాను, నా మొహాన్ని కాలవలో పారేస్తాను. దొడ్డప్ప కోసం అడగడం లేదు, పందిరి కోసం కూడా కాదు. పోయిన నవమి తర్వాత నేను ఇంట్లో మాండలిన్ తీస్తే కింద నేల లేనట్టుంటోంది. ఒక్క కీర్తన పూర్తిగా వాయించలేదు. నువ్వు రావాలి.

లోకం

*

హట్టి.
ఫిబ్రవరి 19.

లోకం,

నువ్వు అంత రాశాక నేను ఊరుకుంటే మీ అక్క నాకు అన్నం పెట్టేట్టు లేదు. చెబుతాను విను. జాలి గీలి పడితే మాత్రం మళ్లీ ఉత్తరం రాయకు.

ఇన్నేళ్లూ భూమి లోపల నేను పట్టుకున్నది డ్రిల్లు మిషను. అది రాయిని వణికిస్తుంది, పట్టుకున్నవాణ్ణీ వణికిస్తుంది. మొదట్లో చలికాలం తెల్లారగట్ల ఎడమ చేతి వేళ్లు సున్నంలాగా తెల్లబడేవి. రుద్దుకుంటే తగ్గేది. తర్వాత రుద్దినా తగ్గలేదు. ఇప్పుడు మొద్దుబారిపోయాయి. చొక్కా గుండీలు మీ అక్క పెడుతుంది. వేలు తీగ మీద ఉందో, పక్కన చెక్క మీద ఉందో కళ్లతో చూస్తే తప్ప నాకు తెలియదు. ఆస్పత్రిలో చూసి, మిషను మానేస్తే ఇంతటితో ఆగుతుంది గానీ పోయింది తిరిగి రాదన్నారు. అందుకని ల్యాంప్ రూము. ప్రమోషనూ కాదు, పాడూ కాదు. ఖాళీ తీగల మీదే ఎందుకు పరీక్ష చేశానని అడిగావు. కుడి చెయ్యి ఒక్కటే పనిచేస్తే ఖాళీ తీగే దిక్కు.

పోయిన నవమికి రెండో కీర్తనలో నా వేలు తప్పింది. నాకు తెలియలేదు. నువ్వు తల తిప్పి నా వైపు చూశావు చూడు, అప్పుడు తెలిసింది. పాట అయ్యాక "ఏంటి బావా అది" అంటావని భయమేసింది. లేచి పందిరి బయటికొస్తే ఎదురుగా ఫ్లెక్సీ. దేవుడే కట్టించినట్టు అనిపించింది. దాన్ని పట్టుకుని నిన్ను దులిపేశాను. నా చెవి ఒక్కటే కనబడిందని నిజానికి నాకేమీ బాధలేదు. పొగరుబోతు బావ అని పేరొస్తే రానీ, చేతకాని బావ అని రాకూడదనుకున్నాను.

నువ్వేమో డబ్బా కుదరకూడదని వంకలు పెట్టావు. నేనేమో కుదరాలని రంగా కొట్టు చుట్టూ తిరిగాను. మధ్యలో పాపం వాడు నలిగాడు. ఇప్పుడు మూడోది పంపుతున్నాను. ఇదీ గుంపు స్వరాలదే. రెండు మరలుంటాయి. ఒకటి నీ అసలు గొంతుకి, ఒకటి కింది గొంతుకి. వేటికవే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. నీది బాగా పైన ఉంచు, కిందిది సగానికి తక్కువలో ఉంచు. వినబడుతోందని జనానికి తెలియకూడదు, ఆగిపోతే మాత్రం తెలియాలి. నేను అంతే వాయించేవాణ్ణి. అనుకున్న ఖరీదుకి కొంచెం పైనే పడింది. మిగతాది నేను వేసుకున్నాను. వంక పెట్టకుండా ఉంచుకో.

నాగేంద్ర

*

సత్తిరాజు క్యాంపు.
మార్చి 3.

బావా,

జాలి పడొద్దన్నావు. పడలేదు. నీ ఉత్తరం మడికి నీళ్లు పెట్టడానికి వెళ్తూ గట్టు మీద చదివాను. మడి నిండి పక్కవాళ్ల మడిలోకి పోతున్నా లేవలేదు. పక్కవాడు వచ్చి తిట్టాడు. వాడి తిట్లు వింటూ ఏడ్చాను. అది జాలి కాదు. ముప్ఫై ఏళ్లు పక్కన కూర్చుని, నీ చెయ్యి చూడకుండా ఫ్లెక్సీని చూశానే అని నా మీద నాకు కోపం. ఇంతటితో ఈ సంగతి సరి. ఇక రాయను.

డబ్బా సంగతి. అద్భుతంగా ఉంది. వంక లేదు. ఈసారి నిజంగానే లేదు. అమరేశ్ వైర్లు తగిలించి, నువ్వు చెప్పినట్టు మరలు తిప్పాడు. కళ్లు మూసుకుంటే నువ్వే. అంతా అయ్యాక ఒక చిక్కు బయటపడింది. నాకూ తట్టలేదు, నీకూ తట్టలేదు, అమ్మిన రంగాకీ తట్టలేదు. అది కాలితో తొక్కే డబ్బా బావా! గిటారువాళ్లు నిలబడి వాయిస్తారు, కావలసినప్పుడు బూటుతో తొక్కుతారు. మనం భజనలో బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం. నా రెండు కాళ్లూ నా కిందే ఉన్నాయి. తొక్కేదెవరు?

కవితాళ వెళ్లి పందిట్లో కూర్చుని చూశాను. ఒక కాలు ముందుకి చాపి మడమతో నొక్కబోయాను. దొడ్డప్ప కేకేశాడు. "ఏయ్, దేవర కడె కాలు చాపుతావా? పాదం సీతమ్మకి తగిలేటట్టుంది, తీయప్పా!" అన్నాడు. చేత్తో నొక్కుదామంటే రెండు చేతులూ మాండలిన్ మీద. ఎప్పుడూ పలికేట్టు వదిలేద్దామా అంటే, కింది గొంతు ఆగకుండా పాడితే అది కింది గొంతు కాదు, రైస్‌మిల్లు. కుసుమని పక్కన కూర్చోబెట్టాను. బోరు మోటారు వేసినట్టు, ఆపినట్టు చేసింది. తప్పు ఆవిడది కాదు, ఎక్కడ రావాలో ఎక్కడ పోవాలో ఆవిడకేం తెలుసు?

అది తెలిసినవాడు ఈ భూప్రపంచంలో ఒక్కడే. వేళ్లతో పని లేదు. స్పర్శతో పని లేదు. అరచెయ్యి మోపితే చాలు, టక్కున శబ్దమొస్తుంది, చెవికి తెలుస్తుంది. నా పక్కన నీ చోటులోనే కూర్చో. చెయ్యి తీసుకొచ్చి ఆ డబ్బా మీద పెట్టు. రమ్మని బతిమాలడం లేదు. డబ్బా నీ ఎంపిక, దాన్ని నడిపించే పూచీ నీదే.

లోకం

*

హట్టి.
మార్చి 14.

లోకం,

బాగా ఇరికించావు. మాండలిన్ వాయించే చోట కూర్చుని స్విచ్చి నొక్కితే జనం ఏమనుకుంటారో అని ఒక వారం ఆలోచించాను. మీ అక్క, "ల్యాంప్ రూములో చేసేదీ అదే కదా, దీపాలు ఇవ్వడం, తీసుకోవడం. అక్కడ లేని సిగ్గు ఇక్కడెందుకు" అంది. ఆవిడ ఎవరి వైపో ఇప్పుడు తేలిపోయింది.

వస్తాను. షరతులు విను. ఫ్లెక్సీ వేయించకు. నా చెయ్యి గురించి దొడ్డప్పకి గానీ ఎవరికి గానీ చెప్పకు, వాళ్లంతట వాళ్లు చూసి అడిగితే నేనే చెబుతాను. సాధన పేరుతో ముందే పిలవకు, పాటలు నాకు తెలుసు. మాటల్లేవన్నది నలుగురి ముందు అన్న మాట. నా నోటితో అన్నాక నేనే తప్పితే బాగుండదు. వస్తాను, కూర్చుంటాను, నొక్కుతాను. మాట్లాడను.

నాగేంద్ర

*

సత్తిరాజు క్యాంపు.
నవమి మర్నాడు.

బావా,

నిన్న పక్కనే కూర్చుని, ఒకే విస్తరాకుల పంక్తిలో పులిహోర తిని, బస్సు దాకా కలిసి నడిచి, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయావు. నీ పట్టుదలకి దణ్ణం. చెప్పాలనుకున్నవన్నీ అమరేశ్ మొహం చూసి చెప్పావు. నేనూ వాడికే జవాబు చెప్పాను. వాడు మధ్యలో, "ఏనప్పా మీ ఇద్దరూ, నన్ను గోడ అనుకున్నారా" అని లేచిపోయాడు.

పందిరి నిండింది బావా. మొదటి కీర్తనలో నీ అరచెయ్యి దిగి ఆ గొంతు లేచేసరికి, వంట దగ్గరున్న ఆడవాళ్లు గరిటెలతో సహా వచ్చి నిలబడ్డారు. అదే గొంతు కాదు, నాకు తెలుసు. కానీ అవే చోట్లు. నేను ఊపిరి తీసుకునే చోట నువ్వు నిలబెట్టావు, నేను పరుగెత్తే చోట వెనక్కి తగ్గావు. దొడ్డప్ప కళ్లు తుడుచుకుంటూ, "కింది గొంతు వాపస్ వచ్చింది" అన్నాడు. నీ ఒళ్లో మాండలిన్ లేదని ఆయన చూశాడు. అడగలేదు. పెద్దమనిషి.

ఒక్క ఫిర్యాదు. చివరి కీర్తనలో, చరణం అయ్యాక నేను పైస్థాయికి వెళ్లి ఒక్కొక్క స్వరమూ జారుస్తూ కిందికి వస్తాను చూడు, సరిగ్గా అక్కడ నువ్వు చెయ్యి ఎత్తేశావు. కింద ఒక్కసారిగా ఏమీ లేదు. పందిరంతా నా మాండలిన్ ఒక్కటే. బ్యాటరీ అయిపోయిందనుకున్నాను. నీ వైపు చూస్తే నువ్వు చెయ్యి గాల్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నావు. పల్లవిలోకి వచ్చాక మళ్లీ దించావు. మరిచిపోయావా? చెయ్యి నొప్పి పుట్టిందా? పాటంతా బాగా నడిపి ఆ ఒక్క చోట నన్ను ఒంటరిగా ఎందుకు వదిలేశావు?

లోకం

*

హట్టి.
ఏప్రిల్.

లోకం,

మరిచిపోలేదు. చెయ్యి నొప్పి లేదు.

అక్కడ నేను ఎప్పుడూ వాయించలేదు. నా వేళ్లు బాగున్న రోజుల్లో కూడా ఆ చోటు రాగానే చెయ్యి తీగల మీంచి తీసేసేవాణ్ణి. నువ్వు ఆ జారు దిగుతుంటే కింద ఇంకో గొంతు ఉండకూడదు, అది నువ్వొక్కడివే వాయించాలి. మొదటిసారి మన క్యాంపు రామాలయంలో నువ్వు అలా దిగినప్పుడే నాకు తెలిసింది. అప్పుడు నీకు మీసాలు కూడా రాలేదు. అప్పటి నుంచీ ఏటా ఆ చోట చెయ్యి తీసేసి, కళ్లు మూసుకుని నిన్ను వినడమే నా పని. ఆ కాసేపటి కోసమే నేను ఆ పందిట్లో కూర్చునేవాణ్ణి.

నీకు తెలియదు, ఎందుకంటే పక్కన నేనున్నానని నువ్వు ధీమాగా ఉండేవాడివి, నా గొంతు ఉందో లేదో వినేవాడివి కాదు. ఈసారి పక్కనున్నది డబ్బా కదా, ఎక్కడ ఆగిపోతుందోనని భయపడుతూ విన్నావు.

నాగేంద్ర